కాంటా మీద

భూపాలపల్లిల రాత్రి షిఫ్టు.
అద్దం అవుతల లారీలు వరుసకట్టినయ్.
ఖాళీ బండి ఎక్కుతది, రాస్త.
నిండు బండి ఎక్కుతది, రాస్త.
నిండుల నుంచి ఖాళీ తీసేస్తే మిగిలేదే బొగ్గు.
పద్నాలుగేండ్ల సంది
నా ఎమ్.కాం చదువంత ఈ ఒక్క తీసివేతే.

కుర్చీకి ఒక చక్రం లేదు.
ఆ మూలకు ఇటిక పెట్టుకున్న.
ఇప్పుడు సక్కటి కుర్చీల కూసుంటే
నడుము నొస్తది.

అట్లని కంపెనీని తిట్టబుద్ధి కాదు.
అమ్మకు రెండు మోకాళ్ళు పెట్టిచ్చింది
హైదరాబాదు పెద్ద దవాఖానల,
మాకు చాయ పైసలే ఖర్చయినయ్.
ఇయ్యాల ఆమె మెట్లెక్కి
మిద్దె మీద మిరపకాయలు ఎండబెడ్తది.
కరెంటు బిల్లు కాగితం ఏ రంగుల ఉంటదో
మా చిన్నదానికి తెల్వదు.
దసరా ముంగట లాభాల వాట పడితే
కాలనీ కాలనీ మసాల వాసన.
క్వార్టరు ఎనుక నేను పెట్టిన జామచెట్టు
నాది కాదు,
కాయలు నావి.

ప్రమోషను పరీక్ష రెండుసార్లు రాసిన.
ఒకటి కోర్టుకు పోయింది, ఇంక రాలే.
ఇంకోదాంట్ల పాసైన.
లిస్టుల నా నంబరు నూట పన్నెండు,
ఖాళీలు నాలుగు.
ముందున్నోళ్ళు ఒక్కొక్కలు రిటైరైతుంటె
పూలదండకు చందా ఇస్త,
ఇంటికొచ్చి వేళ్ళ మీద లెక్కబెడ్త.
భూమయ్య సారు గుండె ఆగి పోయిన రోజు గూడ
నూట పదకొండు, అనుకున్న.
ఆ పూట బువ్వ తినలే.

సాకేత్ అని ఒక పిలగాడు,
కంప్యూటర్ల మొత్తం ఎట్ల కట్టాల్నో నేనే నేర్పిన.
ఇప్పుడు నా సెలవు చీటి మీద
ఆకుపచ్చ సిరాతోని సంతకం పెడ్తడు.
మంచోడే.
"అక్కా" అనుకుంటనే పెడ్తడు,
అదే ఇంక కష్టం.

పోయిన నెల కరీంనగర్ నుంచి ఉత్తరమొచ్చింది.
గ్రానైటు కంపెనీ. డిస్పాచ్ మేనేజరు.
కింద ఆరుగురు, పైన ఒక్కడే.
జీతం తొమ్మిది వేలు ఎక్కువ.
దవాఖాన సంగతేంది అంటే
"మీరు మంచిగనే ఉన్నరు గద మేడం" అని నవ్విండు.
క్వార్టరు లేదు. సోమవారం లోపట చెప్పాలె.
కార్డు మీద పేరు మాత్రం కొట్టిస్తరట:
బొల్లంపెల్లి సుగుణ, మేనేజరు.
ఆ మాట బాత్రూంల రెండుసార్లు అన్న,
గట్టిగనే,
నల్ల ఇప్పి.

మా ఆయన ఆటో తుడుసుకుంట అడిగిండు:
"కడుపు నిండినంక గూడ ఆకలైతే
దాన్నేమంటరే?"
నాకు జవాబు రాలే.
పేరు లేకుంటే లేకపాయె,
ఆకలైతే ఉంది.

వానకాలం బొగ్గు ఎక్కువ తూగుతది.
అందుల బొగ్గెంత, నీళ్ళెంత, కాంటా అడగది.
నేను గూడ అడగ. రాస్త.
ఈ పద్నాలుగేండ్లు ఆరబెడితే
ఎంత తూగుతదో.

మూడింటికి లైను ఆగింది.
వాన సన్నగ.
ఎవ్వలు లేరని చెప్పులిడిసి
కాంటా మీదికి నడిచిన.
కిటికిల ఎర్ర అంకెలు: అరవై.
ఉత్తరం పట్టుకోని మళ్ళ ఎక్కిన. అరవై.
ఉత్తరం పెట్టి, టిఫిను డబ్బ పట్టుకోని ఎక్కిన.
అరవై.
ఇరవై కిలోల లోపు తేడా దీనికి తెల్వదు,
నలభై టన్నులు మోసే ఇనుము.
మనిషి దేన్ని పట్టుకున్నదో
దేన్ని ఇడిసిందో
దానికి పట్టది.

తడి ఇనుము అరికాళ్ళకు సల్లగుంది.
అట్లనే నిలబడ్డ కొంచెంసేపు.

ఎనుక హారను.
ముందు చక్రాలు అప్పటికే ఎక్కినయ్.
డ్రైవరు ఓదెలు తలకాయ బైటికి పెట్టి
"మేడం, జెర దిగుండ్రి,
మీ బరువు గూడ నా బండిలనే కలుస్తది."